రాష్ట్రం వచ్చిన దినం

మా నాయన చెంచురామయ్య గొర్రెలు కాసుకునే మనిషి. ఆయనకున్న గొప్పల్లా పుట్టినరోజు తెలిసి ఉండటమే. "రాష్ట్రం వచ్చిన దినం పుట్టినావురా" అని మా అవ్వ చెప్పిందట. చిన్నప్పుడు నవంబరు ఒకటిన బడిలో జెండా ఎగరేసి పిప్పరమెంట్లు పంచితే, అవి తనకోసమే అనుకునేవాడట.

కొత్త ఆధార్ కోసం ఆయన్ని ఆత్మకూరు తీసుకుపోయాను. మిషన్ ముందు కూర్చున్న అమ్మాయి గ్రూప్స్‌కి చదువుతోంది.

"పుట్టిన తేదీ ఏంది పెద్దాయనా?"

"రాష్ట్రం వచ్చిన దినం తల్లీ."

"ఏ రాష్ట్రం? మద్రాసు నుంచి విడిపోయింది యాభైమూడు అక్టోబరు ఒకటి. హైదరాబాదు కలిసింది యాభైఆరు నవంబరు ఒకటి. మొన్న తెలంగాణ పోయి మిగిలింది జూన్ రెండు."

నాయన నా ముఖం చూశాడు. అడుగుదామంటే అవ్వ పోయి ముప్పై ఏళ్లు.

"కాగితాలేం లేకపోతే ఏడాది చెప్పండి, చాలు" అందా అమ్మాయి.

వెనక క్యూ గొణుగుతోంది. నాకు ఒళ్లు మండింది. "యాభైఆరు వేసుకో, పో" అన్నాను.

చేతికొచ్చిన రసీదులో జనవరి ఒకటి అని ఉంది. తేదీ తెలియనివాళ్లందరికీ అదే పడుతుందట.

బస్సులో నాయన ఆ కాగితం మడవకుండా పట్టుకుని కూర్చున్నాడు.

"రమణీ, జనవరి ఒకటంటే ఏం దినం?"

"ఇంగ్లీషు సంవత్సరాది, నాయనా."

ఆయన కాగితం మీది తేదీని వేలితో తడిమాడు.

"ఆ దినం మనకేం వచ్చినాది మ్మా?"