గట్టు లేని నీళ్లు

"గుడిలో ఉండేది మా అవ్వ తిమ్మక్క" అని సుంకమ్మ అన్నప్పుడల్లా ఊరు పగలబడి నవ్వేది.

బెళుగుప్ప దగ్గరి ఆ ఊళ్లో గంగమ్మ గుడి ఉంది. లోపల విగ్రహం లేదు, దొరల కాలం నాటి రంగుల పటం ఉంది. 1876 నాటి ధాత కరువులో రాళ్లు కొట్టే కూలీల మధ్య తిరిగిన క్రాస్లీ దొర గీసిన పటం అది. సముద్రాలూ మనుషుల ముఖాలూ గీసి పొట్టపోసుకున్న ఆయన పేరు సొంత దేశంలోనే ఎవరికీ పట్టలేదు. ఇక్కడే కలరాతో పోయాడు. పటం మిగిలింది. అందులో ఒక ఆడమనిషి, ఆమె వెనక అంతులేని నీళ్లు. ఊళ్లో సముద్రం చూసినవాడు లేడు. గట్టు లేని నీళ్ల ముందు నిలబడ్డది గంగమ్మ కాక ఇంకెవరు? గుడి కట్టారు. ఊరి బయటి వాడవాళ్లను మాత్రం గడప తొక్కనివ్వలేదు. దొర గీసింది తన అవ్వనేనని ఇంట్లో విన్న వాడపిల్ల సుంకమ్మ, ఆ ముఖం ఒక్కసారి చూస్తానని చిన్నప్పటి నుంచీ అడుగుతూనే ఉంది.

1952. వానలు మళ్లీ మొహం చాటేశాయి. పాత పటాలు కొనే మద్రాసు ఆసామి జీపు దిగాడు. గుడిలోకి వెళ్లి, సంచిలోంచి ఒక ఫొటో తీసి పటం పక్కన పెట్టాడు. అది క్రాస్లీ గీసిన ఇంకో బొమ్మ. సుత్తితో రాళ్లు కొడుతున్న కూలిమనిషి. అదే ముఖం. గడ్డం మీద అదే పచ్చబొట్టు.

"దేవత కాదండీ, కూలామె. వెనక సముద్రం దొర జ్ఞాపకం మీద వేసుకున్నాడు."

ఊరి పెద్ద గంగాధరప్ప ముఖం మాడిపోయింది. "సుంకి చెప్పిందే నిజమా? ఇన్నేండ్లు వాడదానికి మొక్కినామా? అయ్యా, నువ్వే కొనుక్కొని పో. ఈ పొద్దే పోవల్ల ఇది."

దించమంటే పూజారి వెనక్కి జరిగాడు. మైల అన్నాడు. మిగతావాళ్లూ కదల్లేదు. మద్రాసు ఆసామి పటం నిండా ఉన్న నూనె మసి చూసి, తన తెల్లచొక్కా చూసుకున్నాడు. గంగాధరప్ప గడప బయట నిలబడ్డ సుంకమ్మను కేకేశాడు.

"ఏమే సుంకీ! లోపలికొచ్చి దీన్ని దించి జీపులో పెట్టు."

"నిన్నటిదాంకా గడప తొక్కితే కాళ్లు ఇరగ్గొడతా అంటివి కదప్పా!"

"ఇప్పుడు తొక్కు. నోరు ముయ్."

సుంకమ్మ లోపలికి వెళ్లింది. కొంగుతో పసుపూ మసీ తుడిచింది. పగిలిన పెదాలు, లోతుకు పోయిన కళ్లు బయటపడ్డాయి. ఆ కళ్లలో దయ లేదు. ఆకలిగొన్న మనిషి కోపం ఉంది. సుంకమ్మ పటాన్ని నెత్తికెత్తుకుని బయటికొచ్చి, జీపు దాటి నడిచింది.

"ఏయ్, జీపు ఈడుండాది! యాడికి పోతాండావు?"

"మా ఇంటికి."

"అమ్మా, ఆ డబ్బేదో నీకే ఇస్తాను!" మద్రాసు ఆసామి అరిచాడు.

"మా అవ్వను అమ్మేదానికి నేనేమన్నా గంగాధరప్పనా?"

"పట్టుకోండ్రా దాన్ని!"

గంగాధరప్ప అరుపుకు జనం ఎగబడ్డారు. సుంకమ్మ గిరుక్కున వెనక్కి తిరిగింది.

"రాండి! దీన్ని లాక్కోవల్లంటే నన్ను ముట్టుకోవల్ల. అవ్వ కడుపు మాడి రాళ్లు కొడతాంటే గుక్కెడు గంజి పోసినారా మీ తాతలు? పటమయినాక టెంకాయలు కొడితిరి. మనిషని తెలిసినాక మైలా? ఎవడొస్తాడు ముందు? ఏమప్పా గంగాధరప్పా, నువ్వే రా!"

సూటిగా అతని మీదికే నడిచింది. గంగాధరప్ప చప్పున పక్కకు తప్పుకున్నాడు. గుంపు రెండుగా చీలి గోడలకు అంటుకుపోయింది. సుంకమ్మ నడివీధిలో, వాళ్ల ముఖాలు ఒక్కొక్కటీ చూసుకుంటూ పోయింది.