తండ్రి వైపు ఖాళీ

గూఢచారి అనగానే మనకు పిస్తోలు, నల్లకోటు, చీకటి సందులు గుర్తొస్తాయి. ఈ అమ్మాయికి అవేవీ లేవు. ఉన్నదల్లా ఒక సూది, ఒక కత్తెర, ఇద్దరు తాతలు. తాతల్లో ఒకాయన నిజం, ఇంకొకాయన అబద్ధం. ఎవరు నిజమో ఎవరు అబద్ధమో కొన్నాళ్ళుగా ఆమెకే అయోమయంగా ఉంది.

నిజం తాత గడియారాలు బాగుచేసేవాడు. అబద్ధం తాత వీధి దీపాలు వెలిగించేవాడు. ఇద్దరూ ఎప్పుడో పోయారు. మొన్నొక సాయంత్రం పనినుంచి ఇంటికి నడుస్తూ, యుద్ధం పుణ్యమా అని వెలిగించకుండా వదిలేసిన దీపస్తంభం ఒకటి చూసి ఆమెకు కళ్ళనీళ్ళు తిరిగాయి. తాతే ఉంటే దీన్నిలా పాడుపెట్టనిచ్చేవాడా అనుకుంది. మలుపు తిరిగాక గానీ ఆ తాత తన తాత కాడని గుర్తురాలేదు. నడిరోడ్డు మీద అలాగే నిలబడిపోయింది. లేని తాత కోసం ఏడ్చినందుకు సిగ్గుపడాలో, ఉన్న తాత కోసం ఇన్నాళ్ళూ ఏడవనందుకు సిగ్గుపడాలో ఆమెకు పాలుపోలేదు.

శత్రువు ఆక్రమించుకున్న ఆ పట్నంలోకి పంపేముందు ఆమెకు కొత్త వంశం నేర్పించారు. నేర్పింది ఎవరనుకున్నారు? పెళ్ళి సంబంధాలు కుదిర్చే ఆవిడ. నవ్వకండి. ఒకరి పుట్టుపూర్వోత్తరాలు ఆరా తీయడంలో, లేనివి ఉన్నట్టు అతకడంలో ఆవిడని మించినవాళ్ళు సైన్యంలో దొరకలేదు. కాగితమ్ముక్క లేకుండా అంతా నోటితోనే వల్లె వేయించేది.

"మచ్చలేని వంశాన్ని ఎవడూ నమ్మడు తల్లీ," అనేది. "నీకో తాగుబోతు మామయ్య ఉండాలి. లేచిపోయిన పిన్ని ఒకతి ఉండాలి. మీ తాతా ఆయన తమ్ముడూ మాట్లాడుకోకూడదు. ఎందుకో నీకు తెలియకూడదు."

"మరి నాన్న వైపు?"

"ఖాళీ. నువ్వు పుట్టకముందే మీ నాన్న చెప్పాపెట్టకుండా పోయాడు. ఆ వైపు పురుగు కూడా లేదు. ఉన్నవాళ్ళనైతే వెతికి పట్టుకుంటారు. లేనివాళ్ళనెక్కడ పట్టుకుంటారు?"

అసలు చిక్కు అక్కడే వచ్చి పడింది. ఈ అమ్మాయి తల్లి పురిట్లోనే పోయింది. పెంచిందంతా నాన్నమ్మ. కుట్టుపని నేర్పింది కూడా నాన్నమ్మే. అంత వయసొచ్చినా కళ్ళజోడు లేకుండా సూదిలో దారం ఎక్కించేది ఆవిడ. ఎక్కించి ఊరుకునేదా, వీధంతా వినపడేలా గొప్పలు పోయేది. అలాంటి మనిషిని మనసులోంచి ఊడ్చేయాలి. మంచి నిద్రలో ఉండగా సంబంధాలావిడ గిల్లి లేపి, "మీ నాన్నమ్మ పేరేంటి?" అని అడిగేది. "నాకు నాన్నమ్మ లేదండి," అని ఠక్కున చెప్పాలి. మొదట్లో చెప్పి ఏడ్చేది. తర్వాత చెప్పి మళ్ళీ నిద్రపోయేది.

ఆ పట్నంలో ఆమెకు అమ్మమ్మగా కుదిరిన ముసలావిడ అబద్ధం మనిషి కాదు. ఆవిడకు నిజంగానే ఒక కూతురు, పుట్టకముందే తండ్రి వదిలిపోయిన ఒక మనవరాలు ఉండేవాళ్ళు. ఆ పిల్ల చిన్నప్పుడు ఈ ఇంట్లోనే పెరిగి, తర్వాత తల్లితో వేరే ఊరు వెళ్ళింది. యుద్ధం మొదట్లో బాంబులు పడి తల్లీ కూతుళ్ళు ఒకే కప్పు కింద పోయారు. ఆ సంగతి ఏ కచేరీలోనూ నమోదు కాలేదు. ముసలావిడ కడుపుమంట కొద్దీ చచ్చిపోయిన మనవరాలి పేరును అమ్మాయిని పంపిన గూఢచారి దళానికి అప్పిచ్చింది. చిన్నతనంలో వెళ్ళిన పిల్ల ఎదిగి తిరిగొచ్చిందంటే ఆ వీధిలో ఎవరూ ముక్కున వేలేసుకోలేదు.

అమ్మాయి పనిచేసేది దర్జీకొట్టులో. శత్రుసైనికుల చిరిగిన బట్టలన్నీ అక్కడికే వస్తాయి. భుజాల మీది గుర్తులు విప్పేయమన్నారంటే ఆ దళం ఎక్కడికో కదలబోతోందని అర్థం. కోట్ల లోపల ఉన్ని అస్తరు వేయమన్నారంటే చలి ప్రాంతానికని అర్థం. ఆమె కిమ్మనకుండా కుట్టేది, చూసేది. గుండీలు అమ్మడానికొచ్చే ఆయనతో బేరమాడుతూ, ఆ బేరంలోనే చూసినదంతా చెప్పేసేది. పని బాగానే సాగుతోంది. సాగనిదల్లా ఇంట్లోనే.

మామూలప్పుడు ముసలావిడ వెన్నముద్ద. పోయిన భర్త, అదే ఆ దీపాల తాత, కళ్ళజోడు ఒకటుంది, ఒక వైపు కాడ విరిగితే దారంతో కట్టిపెట్టింది. అది ముక్కు మీద పెట్టిందా, ఇక మనిషే మారిపోయేది. ఒకరోజు అమ్మాయి, "అమ్మమ్మా, చక్కెర ఎక్కడుంది?" అని అడిగింది. ముసలావిడ కళ్ళజోడులోంచి గుర్రుగా చూసింది.

"నన్నడుగుతావేం? వెళ్ళి మీ అమ్మమ్మనడుగు. ఆవిడే కదా నిన్ను నెత్తికెక్కించుకుంది."

వంటింట్లో వాళ్ళిద్దరు తప్ప ఎవరూ లేరు. ఇంకోరోజు ముసలావిడ అదే కళ్ళజోడు పెట్టుకుని ఒక్కతే కూర్చుని, ఖాళీ కుర్చీకేసి చూస్తూ, "కాళ్ళు ఊపకు," అని గసిరింది. సంబంధాలావిడ నేర్పిన పాఠంలో ఇదేమీ లేదు. తను మరిచిపోయిందా? లేక ముసలావిడకు మతి తప్పుతోందా? లేక మతి తప్పుతున్నది తనకేనా? రెండు వంశాలు మోస్తున్న తలకాయ ఏమైనా చేయగలదు మరి.

చివరికి గుండీలాయన చెవిన వేసింది. ఆయన గుండీలు కలియబెడుతూ తలెత్తకుండా అన్నాడు.

"మతి తప్పిన మనిషి ఇంట్లో నిన్ను ఉంచలేం అమ్మాయ్. వచ్చేవారం మార్చేస్తాం."

"మరి ఆవిడ?"

ఆయన గుండీల సంచి మూతి బిగించి కట్టుకున్నాడు. అమ్మాయి ఆ పూట అన్నం ముట్టలేదు. అన్నం పెట్టిన చేతినే పట్టించిన దాన్నయ్యానని కుమిలిపోయింది.

ఆ వచ్చేవారం రాకముందే శత్రువుల విచారణాధికారి ఇంటికొచ్చాడు. సైన్యం బట్టలు ముట్టుకునే ప్రతివాళ్ళ మూడు తరాలూ తేల్చుకురమ్మని ఆయనకు ఆజ్ఞ. సన్నగా, మర్యాదగా ఉన్నాడు. వెంట ఒక సైనికుడు. ఈ భాషంతా పుస్తకాల్లో నేర్చుకున్నాడు పాపం, మాట్లాడితే తామ్రశాసనం చదివినట్టుండేది.

"దయచేసి కూర్చుండుడు. వీరు తమ తల్లిగారి తల్లిగారేనా?"

"అవునండి. మా అమ్మమ్మ."

ముసలావిడ కళ్ళజోడు పెట్టుకుని మేజోళ్ళకు చిరుగులు కుడుతోంది. లేచి టీ పెట్టడానికి వెళ్ళింది. అమ్మాయి వల్లించడం మొదలుపెట్టింది. దీపాల తాత, ఆయనతో మాట్లాడని తమ్ముడు, లేచిపోయిన పిన్ని. తాగుబోతు మామయ్య దగ్గర అధికారి చిన్నగా నవ్వి, తనకూ ఒక మామయ్య అలాంటివాడున్నాడన్నాడు. సంబంధాలావిడ ఎంతటి ఘటికురాలో అమ్మాయికి అప్పుడు తెలిసింది. ప్రాణం కుదుటపడింది.

సరిగ్గా అప్పుడే ముసలావిడ మరుగుతున్న కెటిల్ పట్టుకుని వస్తూ గడప తట్టుకుంది. కెటిల్ మూత ఊడి, పొగలు కక్కే నీళ్ళు ఆవిడ చేతి మీదికి ఒలికాయి.

"నాన్నమ్మా, చెయ్యి!"

అరిచింది అమ్మాయే. అరిచాక నాలుక కరుచుకుంది, కానీ మాట జారిపోయింది. ముసలావిడ దెబ్బ తగిలినదానిలా తలతిప్పి చూసింది.

అధికారి మెల్లగా లేచాడు.

"మా భాషలో ఇరువురకూ ఒకే మాట కలదు. మీ భాషలో రెండు. నేర్చుకొనుటకు మిక్కిలి కష్టపడితిని. అందుచేత మరువను." తర్వాత సైనికుడికి సైగ చేశాడు. "తమరు బయట నిలువుడు. ముందు పెద్దామెతో మాట్లాడెదను."

అమ్మాయిని మెట్ల దగ్గర నిలబెట్టారు. తలుపు వేసేశారు. లోపల గొంతులు వినిపిస్తున్నాయి గానీ మాటలు తెలియడం లేదు. ముసలావిడ ఏం చెబుతోందో ఏమో, తను కూడా అదే చెప్పాలి. ఒక్క ముక్క తేడా వచ్చినా ఇద్దరినీ గోడకు నిలబెట్టి కాలుస్తారు. కంగారులో నోరు జారిందని చెబుదామా? ఎన్నడూ పలకని మాట మీదికి ఎవరి నోరైనా ఎందుకు జారుతుంది? పక్కింటావిడని అలా పిలిచేదాన్నని చెబుదామా? వెళ్ళి పక్కింట్లో అడుగుతారు. ముసలావిడకు నిజంగా మతి తప్పి ఉంటే ఇదంతా ఆలోచించి కూడా దండగే.

ఆ ముసలావిడ ముఖమే కళ్ళముందు మెదిలింది. ముక్కు మీద కళ్ళజోడు. వెళ్ళి మీ అమ్మమ్మనడుగు, ఆవిడే నిన్ను నెత్తికెక్కించుకుంది. అమ్మమ్మ వేరే మనిషైతే, కళ్ళజోడు పెట్టుకున్న ఈవిడెవరు? ఖాళీ కుర్చీలో కాళ్ళు ఊపిందెవరు?

తలుపు తెరుచుకుంది. అధికారి ఆమెకు ఎదురుగా నిలబడ్డాడు.

"ఇప్పుడు తమరు చెప్పుడు. నాన్నమ్మ ఎవరు?"

"ఆవిడేనండి," అంది అమ్మాయి. "కళ్ళజోడు పెట్టుకుంటే నాన్నమ్మ, తీస్తే అమ్మమ్మ."

"వివరింపుడు."

"నాకు నాన్న వైపు ఎవరూ లేరు కదండీ. అందరికీ ఇద్దరుంటే నాకొక్కరే ఏంటని చిన్నప్పుడు ఏడ్చేదాన్ని. అందుకని తాత కళ్ళజోడు పెట్టుకుని ఆవిడే రెండో ఆవిడయ్యేది. ఇప్పటికీ అలవాటు పోలేదు."

"ఇరువురిలో భేదమేమి?"

ఇది పాఠంలో లేని ప్రశ్న. ఆలోచించే వ్యవధి లేదు. "అమ్మమ్మ అడగ్గానే ఇస్తుందండి. నాన్నమ్మ ముందు తిడుతుంది, తిట్టి తిట్టి చివరికి తనే తెచ్చి ఒళ్ళో పడేస్తుంది."

అధికారి ఆమెను చాలాసేపు చూశాడు. నమ్మాడో, నమ్మడం సుఖమనుకున్నాడో చెప్పలేం. "మా భాషయే సులభము," అని గొణుక్కుని, సైనికుణ్ణి వెంటబెట్టుకుని మెట్లు దిగిపోయాడు.

లోపల ముసలావిడ ఒలికిన నీళ్ళ పక్కనే నేల మీద కూర్చుని ఉంది. చేతికి తడిగుడ్డ చుట్టుకుంది. కళ్ళజోడు ఇంకా ముఖం మీదే ఉంది.

"తలుపవతల నిలబడి అంతా విన్నా. నీకెవరు చెప్పారే ఆ సంగతి?"

"ఎవరూ చెప్పలేదు. నువ్వే. చక్కెర అడిగిన రోజు." అమ్మాయి ఆవిడ ముందు కూలబడింది. "నీకు మతి తప్పిందనుకున్నాను అమ్మమ్మా. గుండీలాయనతో కూడా చెప్పేశాను."

"నేనూ అదే అనుకున్నాలే," అంది ముసలావిడ. కాసేపు తడిగుడ్డ సర్దుకుంది. "ఆ సంబంధాలావిడ అడిగినవన్నీ ఇచ్చేశా. పిల్ల పేరు, పుట్టుమచ్చ, పాలపళ్ళు ఊడిన సంగతి, అన్నీ. ఇదొక్కటే దాచుకున్నా. దాంతో నేనొక్కదాన్నే ఆడుకునేదాన్ని. ఇవాళ వాడికి అదీ చెప్పేశా."

అమ్మాయి దగ్గరికి జరిగింది. ఆవిడ మోకాలి మీద చెయ్యి వేసింది.

"నువ్వలా పిలిచేసరికి అది మా పిల్ల గొంతే అనుకున్నా. ఒక్క క్షణం," అంది ముసలావిడ. ముక్కు చీదుకుని, కళ్ళజోడులోంచి ఆమెనే చూసింది. "సరే గానీ, తిట్టి తిట్టి ఒళ్ళో పడేయడం నా ఆటలో లేదు. నా ఆటలో నాన్నమ్మ తిట్టి ఊరుకునేది. ఆ ముక్క ఎవరిది?"

అమ్మాయి తల వంచుకుంది. ఈ ప్రశ్నకు జవాబు చెప్పకూడదు. అన్ని నియమాల్లోకీ అదే పెద్ద నియమం.

"మా నాన్నమ్మది," అంది.

"బతికే ఉందా?"

"ఉంది. మా ఊళ్ళో."

"అయితే చెప్పు. నా వాళ్ళందరినీ నువ్వు కంఠస్థం చేశావు. నీ వాళ్ళని ఎవరో ఒకరు గుర్తుపెట్టుకోవద్దూ? ఆవిడతోనే మొదలుపెట్టు, నేను నేర్చుకుంటా. ఎలా ఉంటుంది చూడ్డానికి?"

అమ్మాయి సంతోషంగా తలెత్తింది. ఇన్నాళ్ళకు ఒక మనిషి అడిగింది. కళ్ళు మూసుకుని నాన్నమ్మని పిలుచుకుంది. గడియారాల చప్పుడు, కిటికీ దగ్గర పీట, చేతిలో సూదీ దారం, అన్నీ వచ్చాయి. ముఖం కూడా వచ్చింది.

"మా నాన్నమ్మకి కళ్ళజోడు..." అని ఆగిపోయింది.

"ఉందా, లేదా?"

"తెలియడం లేదు," అంది అమ్మాయి. "నాకు తెలియడం లేదు అమ్మమ్మా."

ముసలావిడ తన కళ్ళజోడు తీసి, దారం కట్టిన కాడ మడిచి, కనపడకుండా వీపు వెనక పెట్టుకుంది.

"ఇప్పుడు చూడు," అంది.

అమ్మాయి మళ్ళీ కళ్ళు మూసుకుంది. నాన్నమ్మ కిటికీ దగ్గర కూర్చుని సూదిలో దారం ఎక్కిస్తోంది. ఆవిడ ముక్కు మీద, ఒక వైపు కాడకు దారం కట్టిన ఆ కళ్ళజోడు అలాగే ఉంది.