మూత పడినా సాగే పని

అక్క తడిగుడ్డతో బల్ల తుడుస్తోంది. తెరిచి ఉన్నదేదీ మూయకుండా వదలడం ఆమెకు చేతకాదు, అది డబ్బా అయినా ఎవరి నోరైనా సరే. ఆ ఊపులోనే చెల్లెలి లాప్‌టాప్ మూసి, పక్కకు జరిపి, కింద శుభ్రంగా తుడిచింది.

స్నానం చేసి వచ్చిన చెల్లెలు అది చూడగానే తువ్వాలు పడేసి బల్ల దగ్గరికి పరుగెత్తింది.

ఓ రేడియో వాళ్ళ పాత రికార్డింగులను కొత్త రూపంలోకి మార్చడం ఆమె పని. ఈ మధ్యాహ్నానికి అన్నీ మారితే ఉద్యోగం ఖాయమన్నాడు అక్కడి ఆఫీసు పెద్దాయన. సగం ఈ విండోస్ లాప్‌టాప్‌లో, సగం ఇంటి నుంచే కనెక్టయి నడిపే ఆఫీసు లినక్స్ యంత్రంలో నిన్నటి నుంచి నడుస్తున్నాయి. పోయిన వారం ఇలాగే మూత పడితే ఆఫీసు కనెక్షన్ తెగి, అక్కడి పని కూడా దాంతోపాటే చచ్చింది. అప్పటి నుంచి స్నానానికి తప్ప ఆమె కుర్చీ వదిలితే ఒట్టు. పదింటికి ఆఫీసుకు రమ్మని కబురొచ్చినా, కాపలా వదల్లేక రాలేనని రాద్దామనుకుంది.

"పొయ్యి మీద పాలకైనా ఇంత కాపలా ఉండదే తల్లీ," అంది అక్క, తప్పు చేసిన మొహంతో.

చెల్లెలు మూత తెరిచింది. లాప్‌టాప్ నిద్రలేచి, ఆగిన చోటి నుంచే మొదలుపెట్టింది. పడుకుందే గాని చావలేదు. కానీ అరగంట పోయింది, ఇంకా నూట పది ఫైళ్ళున్నాయి. ఆఫీసు యంత్రంలోకి తొంగి చూసింది. ఈసారి అక్కడి పనిని, కనెక్షన్ తెగినా తన మానాన తాను నడిచేలా నిన్ననే విడి సెషన్‌లో పెట్టి ఉంచింది. అది తన వాటా ఎప్పుడో ముగించి గోళ్ళు గిల్లుకుంటోంది.

ఇక్కడి పని ఆపేసి, ఆ నూట పదీ అటే పంపింది. ఇక్కడి ఆదేశం అక్కడ చెల్లదు. ఫైలు ఎక్కడుందో చెప్పే దారిలోని వాలుగీత కూడా అక్కడ రెండో వైపుకు వాలుతుంది. ఏ ఎండకు ఆ గొడుగు పట్టాలి గదా అని, ఆ విడి సెషన్‌లోనే ఓపిగ్గా మళ్ళీ రాసింది. మూడు ఫైళ్ళు మారాక కనెక్షన్ తనే తెంపేసింది. అక్క కంగారుపడి పిచ్చిపట్టిందా అని అడిగింది. రెండు నిమిషాలాగి మళ్ళీ కనెక్టయి చూస్తే, తొమ్మిది మారి ఉన్నాయి.

"నేను లేకపోయినా నడుస్తోందక్కా."

"మరి ఇంకా ఇక్కడ కూర్చున్నావేం?"

చెల్లెలు గోడ గడియారం వైపు చూసింది. తొమ్మిదింబావు. సంచీ భుజాన వేసుకుని, చెప్పులు తొడుక్కుని, పదింటికల్లా ఆఫీసులో ఉండాలని గుమ్మం దాటింది.