చాలు అనే బొమ్మ

తమ్ముడింట్లో దిగిన వదినగారు పెట్టె విప్పకముందే ఇంటిని బాగుచెయ్యడం మొదలుపెట్టింది. ఆవిడ ఫ్యామిలీ గ్రూపుకి అడ్మిన్. ఆ హోదాలో ఎవరింటికి వెళ్లినా అది తన ఇల్లే.

"ట్యాబ్ చేతికిచ్చి పిల్లాడి నోరు మీరే నొక్కేశారు," అంది, తన ఫోన్లోంచి తల ఎత్తకుండానే.

"అది ఆటలకి కాదు వదినా," అంది మరదలు. "వీడియోలు ఎప్పుడో తీసేశాం. ఆటిజం కదా, వాడికి మాట నోటిదాకా రావట్లేదు. అందుకే స్పీచ్ థెరపిస్ట్ ఇందులో బొమ్మలు పెట్టించింది. బొమ్మ నొక్కితే మాట వినిపిస్తుంది."

నీళ్లు, అన్నం, బాత్రూం, చాలు. అన్నీ మరదలు గొంతుతోనే రికార్డు చేశారు. అంతకుముందు ఏం కావాలన్నా గోడకి తల కొట్టుకునే చిన్నోడు ఇప్పుడు బొమ్మ నొక్కుతున్నాడు. ఈమధ్య నీళ్ల బొమ్మ నొక్కి, తనూ "నీ" అంటున్నాడు. మరదలికి ఆ ఒక్క అక్షరం మీదే ప్రాణమంతా.

"నొక్కితే పనైపోతుంటే వాడికి నోరెందుకు? గ్రూపులో డాక్టరు చెప్పాడు."

"ఏ డాక్టరు?"

"ఫార్వర్డ్‌లో పేరు కూడా వేస్తారా?"

ట్యాబ్ బీరువా పైకెక్కింది. మరదలు మొగుడి వైపు చూసింది. అక్క ఉన్నన్నాళ్లూ ఆయన వెన్నెముక సెలవులో ఉంటుంది. "అక్క ఊరికే చెప్పదుగా," అని ఫోన్ చూసుకున్నాడు.

కాసేపటికి చిన్నోడికి దాహమేసింది. ట్యాబ్ కోసం సోఫా అంతా వెతికి, చివరికి మేనత్త చెయ్యి పట్టుకుని ఫిల్టర్ దగ్గరికి లాక్కెళ్లాడు. ఆవిడ వెంటనే గ్రూపుకి వీడియోకాల్ కలిపింది.

"చూడండర్రా, ఇవాళ మాట్లాడిస్తా!" గ్లాసు పైకెత్తి పట్టుకుంది. "అత్తా, నీళ్లు... అను. అంటేనే ఇస్తా."

చిన్నోడు గోడ దగ్గరికి వెళ్లి తల కొట్టుకోవడం మొదలెట్టాడు.

"కొట్టుకోనీ! మంకు వదులుతుంది."

మరదలు స్టూలెక్కి ట్యాబ్ దించింది. వాడు నీళ్ల బొమ్మ నొక్కాడు, అమ్మ అందించిన గ్లాసెడు నీళ్లూ గటగటా తాగాడు. వదినగారు మాత్రం ఆపలేదు. పెంపకం నుంచి మరదలి పుట్టింటికి, అక్కణ్ణుంచి పెళ్లిలో జరిగిన మర్యాదల లోటుకి వెళ్లింది. చిన్నోడు చెవులు మూసుకున్నాడు. ఒక చెయ్యి తీసి ఇంకో బొమ్మ నొక్కాడు.

"చాలు," అంది మరదలి గొంతు.

వీడియోకాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు.

"ఏంటీ, నన్నే?"

"నేను నోరు తెరవలేదు వదినా." నిజమే. పెళ్లైన దగ్గర్నుంచీ ఆ మాట అనడానికి తెరవలేదు.

"నీ గొంతేగా!"

"గొంతు నాది. మాట వాడిది."

చిన్నోడు మళ్లీ నొక్కాడు. ఈసారి వాడి పెదాలూ కదిలాయి. "చా..."

మరదలు వాడి పక్కకొచ్చి కూర్చుంది.

"చూశారా!" వదినగారు ఫోన్ వాడి మొహం మీదికి తిప్పింది. "గంట ట్యాబ్ లాక్కుంటే మాటలొచ్చేశాయి! నేను చెప్పలా?"

మరదలు వాల్యూమ్ చివరిదాకా పెంచి, ట్యాబ్ మళ్లీ వాడి ఒళ్లో పెట్టింది.