ముప్పై ఏడు మీటర్ల తాడు

మూడో లైను సగానికి వచ్చేసరికి డబ్బాలో సున్నం అయిపోయింది. కుర్మయ్య నడుం పట్టుకుని లేచి, పోసిన గీతను వెనక్కి తిరిగి చూసుకున్నాడు. వంపు దగ్గర గీత సాఫీగానే తిరిగింది. అయినా నమ్మకం కుదరక సంచిలోంచి ఇనుప టేపు తీసి, మధ్యలో పాతిన మేకు దగ్గర్నుంచి మళ్లీ కొలిచాడు. పొద్దున్నుంచి ఇది మూడోసారి. వనపర్తిలో ఈ గ్రౌండు పనిలో చేరి ముప్పై ఏళ్లు దాటింది. అందులో ఇరవై నాలుగేళ్లుగా ఏ గీతనూ మూడుసార్లు కొలవకుండా వదిలింది లేదు. కొత్తగా వచ్చిన వ్యాయామ టీచర్లు చూసి, ముసలాయనకు చాదస్తమని నవ్వుకుంటారు. నవ్వుకోనీ.

సన్నటి మనిషి. మడమల పగుళ్లలో సున్నం దిగి తెల్లగా కనిపిస్తుంది. వేళ్ల కొసలు సున్నానికి తినేసి నున్నగా అయిపోయాయి. ఆధార్ మెషీను మీద వేలు పెడితే అది ఎప్పుడూ ఒప్పుకోదు. టేపు చుట్టి సంచిలో వేస్తుంటే అడుగున ఉన్న పాత నూలుతాడు చేతికి తగిలింది. ఇంట్లో అటక మీద ఉండాల్సిన తాడు అది. ఇవాళ కావాలనే తెచ్చాడు.

సున్నం బస్తా దగ్గరికి పోతూ మొదటి లైనులో గొంతుక్కూర్చుని పల్లేరుకాయలు ఏరాడు. ఇప్పుడు ఉత్త కాళ్లతో పరుగెత్తే పిల్లలు ఎవరూ లేరు, అందరికీ బూట్లున్నాయి. అయినా చెయ్యి ఊరుకోదు.

గ్యాలరీ మెట్ల మీద వాకింగ్ వాళ్ల గొడవ అప్పటికే జోరుగా ఉంది. రేపు ఆగస్టు ఇరవై తొమ్మిది, క్రీడా దినోత్సవం. గేటుకు కట్టే ఫ్లెక్సీ మీద పెద్ద ఫొటో ఎవరిది ఉండాలన్నది నెల రోజులుగా తెగడం లేదు. పది గంటలకల్లా చెప్పకపోతే తన మెషీను మీద పెళ్లి ఫ్లెక్సీ ఎక్కుతుందని ఫ్లెక్సీల దుకాణం దినేష్ బెదిరిస్తున్నాడు.

"రేపు ఎవరి పుట్టినదినమో తెలుసుకోరి ముందుగాల. ధ్యాన్‌చంద్‌ది. ఇంక మాటనే లేదు," అన్నాడు రాజ్‌కుమార్ సార్. రిటైరైన పీఈటీ. ఇంకా మెడలో విజిల్ లేనిదే బయటికి రాడు.

"హాకీ ఎవరు చూస్తుండ్రు సార్ ఇప్పుడు? సచిన్‌ను పెట్టుండ్రి. ఇరవై నాలుగేండ్లు నిలబడ్డడు. ఉరికేటోళ్లల్ల పెద్దోడు బోల్టుది గూడ పది సెకండ్ల పనే, అయిపాయె," అన్నాడు మెట్ల మీది ఇంకొకాయన.

"పది సెకండ్లు ఉరికి చూడు, తెలుస్తది," అంది విజయమ్మ టీచర్. "బ్యాటు పట్టుకున్నోనికి పదిమంది తోడుంటరు. ఉరికేటోళ్లకు ఎవరుంటరు? పీటీ ఉషను పెట్టరి. ఒక్కతే ఉరికింది."

"బంతి ఆటకూ పరుగుకూ పోటీ ఏందమ్మా? తూకం రాళ్లే వేరైపాయె."

తలా ఒక ఓటు, ఎవరిది వాళ్లకే. చివరికి విజయమ్మ టీచరే కేకేసింది. "కుర్మయ్యా, జర ఇటు రా. ముప్పై ఏండ్ల సంది ఈడ ఆడేటోళ్లను, ఉరికేటోళ్లను అందరినీ చూసినవ్. నువ్వు చెప్పు. అన్ని ఆటల్ల పెద్ద ఆటగాడెవరు?"

కుర్మయ్య చేతులు దులుపుకున్నాడు. తనను ఎవరైనా ఒక మాట అడగడం కొత్త. అయినా వెంటనే అన్నాడు. "రెబెకా."

దినేష్ ఫోన్ తీశాడు. "ఏ దేశమామెది? కెన్యానా?"

"పెబ్బేరు దిక్కు."

అందరూ నవ్వారు. చెడ్డ మనసుతో కాదు, నవ్వొచ్చి నవ్వారు. విజయమ్మ టీచర్ మాత్రం గేటు వైపు చూసింది. అక్కడ గొలుసు వేసిన మొక్కజొన్న కంకుల తోపుడు బండి ఉంది. "ఈడ మక్కబుట్టలు కాల్చి అమ్మేటామె గద?"

"ఆఁ, యాదికొచ్చింది," అన్నాడు రాజ్‌కుమార్ సార్. "రెండు వేల ఒకటిల జిల్లా పోటీలు. మంచిగనే ఉరికింది పోరి. కానీ గ్రౌండే పొట్టిగుండె. టైమింగ్ కొట్టేసిన్రు. పొట్టి గ్రౌండుల ఉరికితే నేను గూడ బోల్టునేనయ్యా."

మళ్లీ నవ్వారు. కుర్మయ్య కూడా నవ్వినట్టు మొహం పెట్టి సున్నం బస్తా దగ్గరికి వెళ్లిపోయాడు. డబ్బా నింపుతుంటే చూపు గేటు దగ్గరి బండి మీదికి పోయి సగం సున్నం కిందనే పడింది.

రెబెకా అప్పుడు తొమ్మిదో తరగతి. తల్లిదండ్రులు కూలి పని ఉన్నచోటికి పోతుంటే పిల్ల హాస్టల్లో ఉండి చదువుకునేది. ఊరు లేవకముందే గ్రౌండుకు వచ్చి ఉత్త కాళ్లతో పరుగెత్తేది. రెండేళ్లు ఆమె కోసమే కుర్మయ్య మొదటి లైనులో ముళ్లు ఏరాడు. ఆ పరుగు గురించి చెప్పమంటే అతనికి పెద్ద మాటలు రావు. పాదం నేలకు తగిలిన చప్పుడు వినబడేది కాదు, అంతే. ఆమె ఆగితే చూస్తున్నవాడికి బాధగా ఉండేది.

అప్పట్లో అతనికి టేపు ఇవ్వలేదు. ముప్పై ఏడు మీటర్ల నూలుతాడు ఇచ్చారు. మేకుకు ఒక కొస కట్టి, రెండో కొస పట్టుకుని తిరిగితే వంపు వచ్చేది. జిల్లా పోటీల ముందురోజు చూస్తే తాడు సున్నం, బురద పట్టి కట్టెలా ఉంది. రేపు మన పిల్ల ఉరుకుతుంది, గీత సన్నగా రావాలి అనుకుని ఇంటికి తీసుకుపోయాడు. పెండ్లాం భాగ్యమ్మ బట్టల సోడా వేసి కాగులో ఉడకబెట్టింది. పొయ్యి పక్కన ఆరేసిన తాడు తెల్లారేసరికి మల్లెపువ్వులా ఉంది. ఉడికిన నూలు మీటరు పైన కుంచించుకుపోయింది. ఆ సంగతి అతను చూసుకోలేదు. కొలిచే తాడునే కొలవాలని ఎవరికి తోస్తుంది?

రెబెకా ఎనిమిది వందల మీటర్ల పరుగులో జిల్లా రికార్డును రెండు సెకండ్లు తగ్గించింది. గ్రౌండంతా లేచి నిలబడింది. బస్తాల చాటున కుర్మయ్య ఏడ్చాడు. అరగంట గడవకముందే వేరే స్కూలు సారొకాయన ఇంటినుంచి ఇనుప టేపు తెచ్చి కొలిపించాడు. వంపులు లోపలికి జరిగి చుట్టుకు ఏడు మీటర్లు తక్కువ. అందరి టైమింగులూ కొట్టేశారు. మొదటి బహుమతి ఆమెకే ఉండిపోయింది. కానీ హైదరాబాదు క్రీడల స్కూలు వాళ్లు చూసేది బహుమతిని కాదు, టైమింగును. రమ్మనే ఉత్తరం రాలేదు.

"ఏ తాడుతో కొలిచినవ్?" అని అడిగినప్పుడు "ఏటా కొలిచేదే సార్" అన్నాడు కుర్మయ్య. ఆ సాయంత్రం ఎవరిదో టేపు అడిగి తెచ్చి ఇంట్లో తాడు పరిచి చూసుకున్నాక గానీ తను చేసిన పని తెలియలేదు. తెలిశాక కూడా నోరు విప్పలేదు. దినకూలీ ఉద్యోగం, ఇద్దరు చిన్నపిల్లలు. మరుసటి ఎండాకాలం రెబెకాను తల్లిదండ్రులు పుణె దిక్కు రాళ్ల క్రషర్ పనికి తీసుకుపోయారు.

కుర్మయ్య చదివింది ఏడో తరగతి. కానీ ఒక్క లెక్క మాత్రం ఇరవై నాలుగేళ్లుగా చేస్తూనే ఉన్నాడు. రెండు చుట్లకు పద్నాలుగు మీటర్లు. ఆ పద్నాలుగు ఉరకడానికి ఆమెకు రెండున్నర సెకండ్లు. రికార్డు తగ్గింది రెండే. అంటే నిండు గ్రౌండు మీద అయితే అర సెకండు తేడాతో రికార్డు చేజారేది. కానీ చివరి ముప్పై మీటర్లలో ఆమె తల తిప్పి వెనక్కి చూసింది, కాళ్లు నెమ్మదించాయి. ఆ అర సెకండు అక్కడ ఉండిందా, లేదా? పండుకుంటే అదే, లేస్తే అదే.

ఎనిమిదేళ్ల కిందట ఆమె దగ్గుతో, కూతురితో తిరిగొచ్చింది. మొగుడు అక్కడే మట్టిలో కలిసిపోయాడు. గేటు దగ్గర బండి పెట్టుకుంది. మక్కబుట్ట కాల్చుతూ వచ్చినవాళ్లందరికీ చెప్పేది, "నేను జిల్లా రికార్డు కొట్టినదాన్ని. గా సారు తప్పు టేపు తెచ్చిండు" అని. కుర్మయ్య రోజూ సాయంత్రం ఒక బుట్ట తిని, రేపు చెప్దాం అనుకుంటూ ఇంటికి పోయేవాడు. నాలుగు రోజుల కిందట ఆమెను దవాఖానలో చేర్చారు. ఊపిరితిత్తులనిండా రాతిపొడి అన్నారు. ఇక రేపు అనడానికి లేదు. చెప్పాలి. చెప్పి, తిట్టించుకోవాలి. అందుకే తాడు తెచ్చుకున్నాడు.

పదకొండుకు జావ డబ్బా, సంచి పట్టుకుని దవాఖానకు పోయాడు. రెబెకా గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ముక్కుకు ఆక్సిజన్ గొట్టం. దుప్పటి కింద కాళ్లు మాత్రం ఇప్పటికీ పొడుగ్గా మంచం చివరిదాకా ఉన్నాయి. డిగ్రీ చదివే కూతురు నవ్య మంచం అంచున కూర్చుంది.

కుర్మయ్య సంచి కింద పెట్టి, లోపల చెయ్యి పెట్టి తాడు పట్టుకున్నాడు. "బిడ్డా, నీకొక మాట చెప్పాలె."

"ముందుగాల నా మాట చెప్పు పెద్నాయినా," అంది రెబెకా. ప్రతి రెండు మాటలకూ ఊపిరి కోసం ఆగుతోంది. "ఈ పోరి నమ్ముతలేదు."

"నేనేమన్న?" అంది నవ్య తల దించుకుని. "వాకింగ్ సారొకాయన అంటుండె తాతా, గ్రౌండే పొట్టిగుండెనట. గదే అడిగిన."

"గా దినం గీతలు పోసింది నువ్వే. నువ్వు చెప్తే నమ్ముతది. గ్రౌండు సరిగ్గ ఉండెనా, లేదా?"

ఆమె కళ్లు అతని నోటి మీదే ఉన్నాయి. నిజం చెబితే తన గుండె బరువు దిగుతుందనే ఇన్నేళ్లూ అనుకున్నాడు. ఆ నిజం ఆమె దగ్గర ఏం లాక్కుంటుందో ఇప్పటిదాకా ఆలోచించనే లేదు. రాళ్ల మధ్య పదిహేనేళ్లు, మొగుడు పోయిన రోజు, దగ్గుతో లేచిన ప్రతి పొద్దు, ఆమెకంటూ మిగిలింది ఆ ఒక్క పరుగే. అది కూడా తన చేత్తోనే తీసుకోవాలా?

తాడు వదిలి చెయ్యి బయటికి తీశాడు.

"పూరా ఉండె బిడ్డా. నాలుగు వందలకు ఇంచు తక్వ లేదు. నా చేతులతోని కొలిచిన. వాళ్ల టేపే తప్పు."

రెబెకా కూతురి వైపు చూసింది. "ఇన్నవా?" అంది. మొహంలో తొమ్మిదో తరగతి పిల్ల కనిపించింది.

"పొద్దుగాల మా సార్లు అన్నిట్ల పెద్ద ఆటగాడెవరని గొడవ పెట్టుకున్నరు," అన్నాడు కుర్మయ్య. "నన్నడిగితే నీ పేరు చెప్పిన."

"ఊకో పెద్నాయినా. నవ్విన్రా?"

"నవ్వలే."

అది రెండో అబద్ధం. ఇది మొదటిదానికన్నా తేలికగా వచ్చింది.

రెబెకా కళ్లు మూసుకుని కాసేపు ఊపిరి కూడదీసుకుంది. "ఆఖర్ల ఎనక్కి చూసిన, యాదుందా? ఎవ్వరు లేరు. ఇంకెందుకని కాళ్లు ఇడిసిన. గట్ల ఇడవకపోతే ఇంకో సెకండు తగ్గుతుండె. పానం ఇంకా శానా ఉండె నాకు."

కుర్మయ్య మంచం కమ్మీ పట్టుకున్నాడు. ఇంకో సెకండు. తన లెక్కకు కావలసింది అర సెకండే. నిండు గ్రౌండు మీద కూడా ఆ రికార్డు ఆమెదే. ఉత్తరం వచ్చేది. రాళ్లు మోసేది కాదు. ఆమె చేతకాక పోయింది కాదు, టేపు వల్ల కాదు, ఇంకెవరి వల్లా కాదు. వేడినీళ్ల కాగు, సోడా, తన మురిపెం. ఇరవై నాలుగేళ్ల లెక్కకు జవాబు దొరికింది. ఆ జవాబు చెప్పడానికి నోరు లేదు. నీళ్లు తెస్తానని లేచి వరండాలోకి వచ్చి, గోడకు మొహం పెట్టి ఏడ్చాడు. తర్వాత లోపలికి పోలేక నవ్యకు బయటనుంచే సైగ చేసి గ్రౌండుకు వచ్చేశాడు.

నాలుగో లైను పోస్తుండగా ఎండ వాలింది. దినేష్ మనుషులు గేటుకు ఫ్లెక్సీ కట్టారు. ఎవరికీ కోపం రాకుండా ధ్యాన్‌చంద్, సచిన్, ఉష ముగ్గురి ఫొటోలూ ఒకే సైజులో వేశాడు. అప్పుడే ఫోన్ మోగింది.

"తాతా, అమ్మ పోయింది." నవ్య గొంతు పొడిగా ఉంది. "నువ్వు పోయినంక జావ తాగి మంచిగ పండుకున్నది. ఇన్ని దినాలల్ల గట్ల నిమ్మలంగ పండుకోలే. లేస్తదనుకున్న."

కుర్మయ్య సున్నం డబ్బా కింద పెట్టాడు. ఒకరోజు చెప్దామనుకున్న మాట ఇక ఎప్పటికీ తన దగ్గరే ఉంటుంది. చెప్పవలసిన మనిషే లేదు.

"తాతా, నీ సంచి ఈడనే మరిచినవ్. అండ్ల తాడున్నది. రేపు అమ్మ పెట్టె గుంతల దించనీకె తాడు లేదంటుండు మా చిన్నాయిన. దీన్ని తీస్కోమంటవా?"

అతను వంగి గీత మీది పల్లేరుకాయ ఒకటి ఏరాడు.

"సరిపోతదా తాతా?"

"సరిపోతది బిడ్డా," అన్నాడు కుర్మయ్య.

మర్నాడు అతను పోసిన గీతల మీద పిల్లలు బూట్లతో పరుగెత్తుతున్న వేళకు, పెబ్బేరు పక్కన పల్లెలో రెబెకాను మట్టికి ఇచ్చారు. తాడులోంచి రెండు ముక్కలు కోసి పెట్టె దించారు. ఆ ముక్కలు పెట్టె కింద నొక్కుకుపోతే లాగకండి, ఉండనీయండి అన్నాడు కుర్మయ్య. మిగిలిన తాడును ఎవరో చుట్ట చుట్టి అతనికి ఇవ్వబోయారు. అతను చెయ్యి చాచలేదు.

అందరూ వెళ్లిపోయాక కూడా ఎర్రమట్టి కుప్ప పక్కన ఆ చుట్ట అలాగే ఉంది, ఎంత ఉడికించినా పోని సున్నం పోగుల మధ్య ఇంకా తెల్లగా.