స్టీమరు దారిలో వలలు

హైవే మీద బస్సులు పెరిగాక, పూడిమడక నుంచి విశాఖకు వెళ్ళే కనకమహాలక్ష్మి స్టీమరుకు చేపల గంపలవాళ్ళే మిగిలారు. బొగ్గు ఆదా కావాలని యజమాని దాన్ని ఒడ్డు దగ్గరి దారి పట్టించాడు. జాలర్ల వలలుండేది ఆ దారిలోనే. రెండేళ్ళుగా స్టీమరు వాటిని కోసుకుంటూ పోతోంది.

ఆ ఉదయం ఎర్రిబాబు వల తెగింది. జాలర్ల పడవలు స్టీమరును చుట్టుముట్టాయి. తెడ్లు పట్టుకుని మనుషులు డెక్కు మీదికి ఎగబాకారు. స్టీమరు నడిపే సరంగు మొదటి దెబ్బకే కూలిపోయాడు. ఇంజను గది గుమ్మానికి అడ్డంగా నిలబడింది ఫయాజ్ ఒక్కడే. అనకాపల్లిలో తండ్రి పాత ఇనుము కొట్టును కాదని వచ్చి, ఆ ముసలి ఇంజనును ఇన్నేళ్ళూ బతికించింది అతనే.

"తప్పుకో సాయిబూ! దీన్ని ముక్కలు సేసి మీ కొట్లోనే తూకానికేత్తాం," అన్నాడు ఎర్రిబాబు.

"ముందు నన్ను ముక్కలు సెయ్యి మరి."

తెడ్డు భుజం మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు ఫయాజ్‌కు స్పష్టంగా వినిపించింది. రెండో దెబ్బ నుదురు చీల్చింది. కళ్ళలోకి నెత్తురు దిగినా అతను గుమ్మం వదల్లేదు. తెడ్డు మళ్ళీ లేచేలోగా, గంపల మధ్య నుంచి ఎర్రిబాబు అక్క అచ్చియమ్మ దూసుకొచ్చి, ఫయాజ్‌ను నడుం పట్టి ఈడ్చి, సముద్రంలోకి తోసేసింది.

"తియ్యరా ఆణ్ణి! సంద్రంలో పడ్డోణ్ణి ఒగ్గేత్తే నువ్వు జాలరోడివేనా?"

నీళ్ళలోంచి తీసిన మనిషి మీద చెయ్యెత్తితే గంగమ్మ ఊరుకోదని వాళ్ళ నమ్మకం. గంగమ్మ సంగతి ఫయాజ్‌కు ఏనాడూ రుజువు కాలేదు. అయితే ఇవాళ తీసినవాడు రేపు మునగవచ్చు గనుక, ఆ కట్టుబాటు ఎందుకు పుట్టిందో ఊహించగలిగేవాడు. ఈత రాని అతనికి ఇప్పుడు ఊహించే వ్యవధి లేదు.

ఎర్రిబాబు బూతులు తిడుతూ దూకాడు. జుట్టు పట్టి లాగి, అతన్ని పడవలో పడేశాడు.

"మడిసిని తీసేను, అప్పా. ఇంజను సంద్రంలో పళ్ళేదు కదేటి?"

గునపం అందుకుని మళ్ళీ పైకెక్కాడు. ఇనుము మీద ఇనుము మోగింది. బాయిలరులో ఆవిరి నిండు ఒత్తిడితో ఉంది. గొట్టం పగిలితే ఆ గదిలో ఒక్కడి ఒంటి మీదా చర్మం మిగలదు. ఫయాజ్ నోరు మెదపకపోతే చాలు.

"ఆగు బావా! ముందు ఆవిరి ఒదులు! తలుపు పక్కన ఎర్ర సక్రం, ఎడమకి తిప్పు!" పడవలోంచి అరిచాడు ఫయాజ్.

"నన్ను మోసం సేత్తన్నావా?"

"ఉడికి సత్తావు, తిప్పు!"

ఆవిరి పొగగొట్టం పక్క నుంచి చెవులు చిల్లులుపడేలా ఎగిసింది. విరిగిన భుజాన్ని అదిమి పట్టుకుని, ఆ మోత సన్నగిల్లేదాకా ఫయాజ్ "ఇంకా ఆగు, ఇంకా" అంటూనే ఉన్నాడు.

చివరికి, "ఇంక కొట్టుకో," అని మొహం తిప్పుకున్నాడు.

గునపంతోపాటు తెడ్లన్నీ ఇనుము మీద పడ్డాయి.