చూడకుండా ఎత్తిన వేలు

ఉదయం ఏడు గంటలకు గాజువాకలో ఏ షేర్ ఆటోలోకైనా తొంగి చూడండి. ఇరుక్కుని కూర్చున్న ఆరుగురి తలలూ ఫోన్లలోకే వంగి ఉంటాయి. ఒకరింట్లో పెళ్ళి, ఇంకొకరికి ఆపరేషన్, మరొకరి బిడ్డకు ఉద్యోగం. అన్నిటికీ ఒకటే జవాబు, పైకెత్తిన బొటనవేలి బొమ్మ. నొక్కడానికి అరక్షణం పట్టదు. ఇందులో తప్పేముందండీ అంటారా? ముందు గవర్రాజు సంగతి వినండి, తర్వాత మీరే చెబుదురుగాని.

గవర్రాజుకు అరవై ఒకటో ఏడు. ముప్పయ్యేళ్ళు పోర్టులో, ఓడలు ఆగే జెట్టీ మీద సిగ్నల్ మ్యాన్‌గా పనిచేశాడు. పైనున్న క్రేన్ ఆపరేటర్‌కు కింద సరుకు సరిగా కనబడదు. కింద నిలబడి చేతి సైగలతో ఎత్తమనీ, ఆపమనీ, దించమనీ చెప్పేవాడే సిగ్నల్ మ్యాన్. నాలుగు కొక్కేలూ సరిగా పడ్డాయా, బరువు కింద మనిషెవరైనా ఉండిపోయారా అన్నది కళ్ళారా చూసుకున్నాకే బొటనవేలు పైకెత్తాలి. ఆ ముప్పయ్యేళ్ళలో గవర్రాజు ఒక్కసారి కూడా చూడకుండా వేలెత్తలేదు.

పెళ్ళి ఎందుకో కుదరలేదు. అయినా ఆ రోజుల్లో అతనికి ఒంటరితనం తెలియదు. జెట్టీ మీద కలిసి పనిచేసే గ్యాంగు మొత్తానికి కెమెరా ఉన్నది అతనొక్కడికే. ఎవరింట అన్నప్రాశన జరిగినా, ఎవరు కొత్త స్కూటర్ కొన్నా "బావా, కెమెరా ఒట్టుకుని రావాల" అని కబురొచ్చేది. తర్వాత అందరి చేతుల్లోకీ కెమెరా ఫోన్లు వచ్చాయి. ఆ కబుర్లు ఆగిపోయాయి. రిటైరయ్యాక పలకరించే నాథుడే లేడు. గాజువాక సందులో ఒంటి గది అద్దె ఇల్లు, మాటల చప్పుడు కోసం టీవీ. వీధిలోకి కూరల బండి వస్తే, పావుకిలో వంకాయల కోసం బండి తోసే కామేశ్వరితో పావుగంట మాట్లాడేవాడు. పాపం, ఆవిడకు మాత్రం బేరాలుండవూ?

ఒకరోజు రేకుపెట్టె తెరిస్తే పాత ఫొటోలు బయటపడ్డాయి. లెక్కపెడితే రెండు వందల పన్నెండు. పాత గ్యాంగు వాళ్ళకో వాట్సాప్ గ్రూపుంది, ఎనభై ఆరు మంది. ఈ ఫొటోలన్నీ పెట్టి ఒక వెబ్‌సైట్ కడితే వాళ్ళు చూస్తారు, చూస్తే ఒకరైనా ఫోన్ చేస్తారు, చేస్తే ఒకరైనా ఇంటికొస్తారు. ఇదీ అతని ఆశ. ఇంతకుమించి ఏమీ లేదు.

పక్క సందులోని కంప్యూటర్ సెంటర్‌లో చేరాడు. నేర్పే పిల్ల పేరు దేవిశ్రీ.

"మీకెందుకంకుల్ ఈ బాధ? గ్రూపులో పెట్టీండి, అయిపోద్ది" అంది.

"గ్రూపులో పెడితే తెల్లారీసరికి గుడ్ మార్నింగుల కింద పడిపోతాయమ్మా. నాకు పడిపోనిది కావాల."

ఆ పిల్ల కుర్చీ దగ్గరికి లాక్కుంది. సర్వర్ అంటే ఎక్కడో రాత్రింబవళ్ళు పనిచేస్తూ ఉండే కంప్యూటరనీ, అందులో మనకు కొంత చోటు అద్దెకిస్తారనీ, ఇక్కడ తయారుచేసింది అక్కడికి పంపితే లోకమంతా చూడొచ్చనీ చెప్పింది. "అంటే గోడౌను లాగన్నమాట" అన్నాడు గవర్రాజు. పాత కంప్యూటర్ ఒకటి కొని, ఫొటోలన్నీ స్కాన్ చేయించి అందులో పెట్టుకుని, మూడు నెలలు కూర్చుని, ఒక్కో అక్షరం వెతికి కొట్టి పేజీ కట్టాడు. ప్రతి ఫొటో కిందా పేరు, ఊరు, సందర్భం రాశాడు.

సర్వర్‌కు ఎక్కించే వేళకు దేవిశ్రీ తన అక్క పెళ్ళికని ఎలమంచిలి వెళ్ళింది. వారం ఆగితే సరిపోయేది, కానీ ఆశ ఆగనిస్తుందా? తనే ఎక్కించాడు. పూర్తయిందని తెర మీద వచ్చింది. తన కంప్యూటర్‌లో పేజీ గుర్తు మీద నొక్కి చూశాడు. రెండు వందల పన్నెండు ఫొటోలూ కళకళలాడుతూ వచ్చాయి. వెబ్‌సైట్ చిరునామా గ్రూపులో పెట్టాడు.

సాయంత్రానికి అరవై మూడు బొటనవేళ్ళు లేచాయి. "సూపర్ బావా!" అన్నారు కొందరు. ఒకప్పుడు ఒకే పళ్ళెంలో తిన్న గోపి అయితే "పాత ఫొటోలు సూసి కళ్ళనీళ్ళు తిరిగాయి బావా" అని రాశాడు. గవర్రాజు మర్నాడే బజారుకెళ్ళి, వచ్చేవాళ్ళ కోసం బిస్కెట్ ప్యాకెట్లు తెచ్చిపెట్టాడు. ఫోన్ చప్పుడు పెంచాడు. స్నానానికి వెళ్తే ఫోన్ తలుపు పక్కన పెట్టుకునేవాడు. వారం గడిచింది, పది రోజులు గడిచాయి. ఒక్క ఫోనూ రాలేదు. ఫొటోలు చూసి కన్నీళ్ళు పెట్టుకున్నవాళ్ళకు కూడా తను గుర్తు రాలేదా అని కుమిలిపోయాడు.

పన్నెండో రోజు మధ్యాహ్నం ఫోన్ మోగింది.

"గవర్రాజు అంకులేనా అండీ? నా పేరు నిఖిత. శివరామకృష్ణ గారి అమ్మాయిని. గోపాలపట్నం నుంచి మాట్లాడుతున్నాను."

తణుకు దగ్గర్నుంచి వచ్చి తన గ్యాంగులోనే క్రేన్ నడిపిన మనిషి శివరామకృష్ణ. ఇరవై ఏళ్ళ కిందట గుండెపోటుతో పోయాడు. అప్పటికి ఈ పిల్లకు రెండేళ్ళు. తల్లి అనూరాధ నంబరు ఎవరో ఎప్పుడో గ్రూపులో చేర్చారు.

"మీ వెబ్‌సైట్ అమ్మ ఫోన్‌లో చూశానంకుల్. ఒకచోట 'శివరామకృష్ణ, యారాడ పిక్నిక్, భుజాల మీద కూతురు' అని రాసి ఉంది. కానీ ఫొటో రావట్లేదు, తెల్ల గడి ఒక్కటే వస్తోంది. ఫోన్ పాతదేమోనని ఆఫీసులో చూశాను, నెట్ సెంటర్‌కెళ్ళి కూడా చూశాను. మిమ్మల్ని ఇబ్బంది పెట్టడమెందుకని ఇన్నాళ్ళూ ఆగాను. మా ఇంట్లో నాన్నది గుర్తింపు కార్డు ఫొటో ఒక్కటే ఉందంకుల్. అందులో నాన్న నవ్వడు."

గవర్రాజు ఫోన్ చెవికి గట్టిగా అదుముకున్నాడు. "నీదొక్కటే రాలేదేటమ్మా? మిగతావో?"

"ఏదీ రావట్లేదంకుల్. అన్నీ తెల్ల గడులే."

ఆ సాయంత్రం దేవిశ్రీ వచ్చి చూసి నాలిక్కరుచుకుంది. "పేజీ పంపీసి ఫొటోల ఫోల్డరు ఇక్కడే ఉంచీసినారంకుల్. మీరు రోజూ సూత్తన్నది సర్వర్‌లోది కాదు, మీ కంప్యూటర్లోదే."

"ఓరి నా తెలివి మండ! కాయితాలు ఓడెక్కించీసి సరుకు జెట్టీ మీదే వొగ్గీసినానన్నమాట" అన్నాడు గవర్రాజు.

ఫోల్డర్ ఎక్కించడానికి పది నిమిషాలు పట్టింది. వెంటనే నిఖితకు ఫోన్ చేశాడు. "ఇప్పుడు సూడమ్మా."

నిఖిత ఫోన్ పెట్టకుండానే పేజీ తెరిచింది. తర్వాత ఏడుపు గొంతుతో మాట వినిపించింది. "అంకుల్, నాన్నకి ఎడమవైపు పన్ను మీద పన్నుంది. నాకూ అక్కడే ఉంది. ఎవరి పోలికో అని అందరూ ఏడిపించేవారు."

ఫోన్ పెట్టేశాక గవర్రాజు గ్రూపు తెరిచి పాత సందేశాలు మళ్ళీ చదివాడు. అరవై మూడు వేళ్ళు. గోపి కన్నీళ్ళు. తెల్ల గడులు చూసి కన్నీళ్ళెలా వచ్చాయి చెప్మా? పొరపాటు తనదే, కాదనడు. కానీ ఒక్కరు తెరిచి చూసినా మొదటిరోజే తెలిసేది కదా! చూడకపోయినా బాధపడేవాడు కాదు, చూశామని చెప్పారే, అది అతన్ని కోసేసింది. తట్టుకోలేక పాత మేస్త్రీ నీలకంఠానికి ఫోన్ చేశాడు. డెబ్బై దాటినా ఆయనంటే గ్యాంగుకు ఇప్పటికీ హడలే.

"మేస్త్రీ, నువ్వూ వేలెత్తినావు. ఏటి సూసినావు?"

"సూళ్ళేదురా. అందరూ ఎత్తినారు, నానూ ఎత్తినాను."

ఆ ఆదివారం నిఖిత తల్లిని వెంటబెట్టుకుని వచ్చింది. నీలకంఠం కర్ర పొడుచుకుంటూ షేర్ ఆటో దిగాడు. బిస్కెట్ ప్యాకెట్లు ఎట్టకేలకు విప్పారు. అనూరాధ తెర మీద భర్త మొహాన్ని వేలితో తాకి, "ఈ చొక్కా నేనే కుట్టానండీ" అంది. నీలకంఠం ఆమెను చూశాడు, గవర్రాజును చూశాడు. అతని ఫోన్ అందుకుని గ్రూపులోకి తన గొంతు రికార్డు చేసి పంపాడు.

"ఒరే, నాను నీలకంఠాన్ని మాటాడతన్నాను. పన్నెండు రోజులు ఖాళీ గడులుంటే మనం అరవై మూడు మందిమి బాగుందన్నాం. సిగ్గుండాల మనకి, నాతో సహా. జెట్టీ మీద ఇలాగే సూడకుండా వేలెత్తుంటే మనలో ఎంతమంది మిగిలీవోళ్ళం రా? బరువు కింద మనిషున్నాడేమోనని సూసినాకే కదా ఎత్తీవోళ్ళం! ఇక్కడా కింద ఒక మనిషున్నాడు. బిస్కెట్లు తెచ్చుకుని, ఫోను పక్కనెట్టుకుని, మీరొత్తారని కూసున్నాడు. మీరు ఎత్తిన బరువు ఆడి మీదే పడింది."

అలా రెండు నిమిషాలు తిట్టాడు. సందేశం వెళ్ళిన నాలుగు సెకన్లకు ఫోన్ టింగుమంది. గోపి పంపిన బొటనవేలు.

గదిలో ఎవరూ నవ్వలేదు. మేస్త్రీ ఆ ఫోన్‌లోనే గోపిని పిలిచాడు. "ఒరే గోపీ, రెండు నిమిషాల మాట నాలుగు సెకన్లలో ఎలగిన్నావురా?"

అవతల బస్సుల హారన్లు మోగుతున్నాయి. వాటి మధ్య సన్నగా గోపి గొంతు వచ్చింది. "గవర్రాజు బావ ఇల్లెక్కడ మేస్త్రీ? నాకు తెల్దు. అడ్రస్ సెప్పండి."

అదే గాజువాకలో, నాలుగు వీధుల అవతల, పదేళ్ళుగా కాపురముంటున్న మనిషి అడిగిన మాట ఇది.

అయ్యా, అమ్మా, ఇవాళ మీ ఫోన్‌కూ ఎవరో ఏదో పంపే ఉంటారు. తీరిక లేకపోతే మానేయండి, ఎవరూ ఏమీ అనుకోరు. కానీ చూడకుండా మాత్రం వేలెత్తకండి, ఆ బరువు కింద ఒక మనిషి నిలబడి మీ వైపే చూస్తుంటాడు.